గాయపడిన కార్మికునికి వైద్యుడెవరు? కాలిఫోర్నియా ‘నెట్‌వర్క్’ వైద్యవిధానం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పనిలో గాయపడిన కార్మికునికి చికిత్స చేసే వైద్యుడు ఆ గాయానికి సాక్షి కూడా. అతడు రాసే నివేదికను బట్టే పరిహారం నిర్ణయమవుతుంది. అందువల్ల ఆ వైద్యుని ఎవరు ఎంచుకోవాలన్నది నూరేళ్లకు పైగా యజమానికీ కార్మికునికీ మధ్య వివాదాంశంగా ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2004లో చేసిన చట్టం వైద్యుని ఎంపికను కార్మికునికే వదిలి, ఎంచుకోవలసిన వైద్యుల జాబితాను యజమాని చేతిలో పెట్టింది. ఈ ఏర్పాటు ఏ చరిత్ర నుంచి వచ్చిందో, ఎలా పనిచేస్తుందో, న్యాయస్థానాలు దానికి ఏ హద్దులు గీశాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కార్మిక పరిహారం, కంపెనీ వైద్యుడు, వైద్యుల నెట్‌వర్క్, కాలిఫోర్నియా, లేబర్ కోడ్, ఈ.ఎస్.ఐ., సింగరేణి

1. ఉపోద్ఘాతం

‘నెట్‌వర్క్ ఆసుపత్రి’ అన్నది తెలుగువారికి కొత్త మాట కాదు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం ఆ మాటను ఊరూరికీ చేర్చింది. తెల్లకార్డు చేతపట్టుకొని వెళ్లిన రోగి మొదట అడిగేది, ఈ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందా లేదా అనే. ఆ జాబితాను తయారుచేసేది ప్రభుత్వం. ఇదే జాబితాను రోగికి జీతమిచ్చే యజమానో, ఆ యజమానికి బీమా ఇచ్చిన సంస్థో తయారుచేస్తే పరిస్థితి వేరుగా ఉంటుంది. కాలిఫోర్నియాలో 2005 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ‘మెడికల్ ప్రొవైడర్ నెట్‌వర్క్’ అటువంటిది. అక్కడ దాన్ని క్లుప్తంగా ఎం.పి.ఎన్. అంటారు.

జ్వరానికో, మధుమేహానికో మందిచ్చే వైద్యునికీ పనిగాయానికి చికిత్స చేసే వైద్యునికీ ఒక ముఖ్యమైన భేదం ఉంది. రెండోవాడు కట్టుకట్టడంతో తన పని పూర్తికాదు. గాయం పనివల్లే వచ్చిందా, పాతనొప్పి తిరగబెట్టిందా? కార్మికుడు ఎన్నాళ్లు ఇంట్లో ఉండాలి? తేలికపనికి ఎప్పుడు పంపవచ్చు? ఇక ఇంతకన్నా మెరుగుపడదని చెప్పవలసిన దశ వచ్చిందా? ఈ ప్రశ్నలన్నింటికీ అతడు లిఖితపూర్వకంగా జవాబు చెప్పాలి. పనిచేయలేని కాలానికి కాలిఫోర్నియా చట్టం స్థూలంగా సగటు వేతనంలో మూడింట రెండువంతులు ఇప్పిస్తుంది. ఆ డబ్బు కొనసాగడమూ ఆగిపోవడమూ చాలావరకు ఆ జవాబులమీదే ఆధారపడి ఉంటాయి. వివాదం వచ్చినప్పుడు పరీక్షకునిగా మరొక వైద్యుడు రావచ్చు. అయినా మొదటి కాగితం రాసేది చికిత్స చేసినవాడే. వైద్యునిపై పట్టుకోసం ఇరుపక్షాలూ ఇంతగా పెనుగులాడడానికి కారణం ఇదే.

2. కంపెనీ వైద్యుడు

కాలిఫోర్నియాలో ఈ కథ రైలుతో మొదలవుతుంది. సెంట్రల్ పసిఫిక్ రైల్వే 1869–70 నాటికే శాక్రమెంటోలో తన కార్మికులకోసం ఆసుపత్రి నడిపింది. దాని ఖర్చుకు కార్మికుల జీతాల్లోంచి నెలకు 50 సెంట్లు కోసుకునేది. ఊరికి దూరంగా పట్టాలు పరిచేచోట, గనిలో, కలప నరికే అడవిలో వేరే వైద్యుడు దొరకని రోజుల్లో ఈ ఏర్పాటు అవసరమైనదే. అయితే ఆనాటి చట్టంలో గాయపడిన కార్మికుడు పరిహారం కావాలంటే కోర్టుకెక్కి యజమాని నిర్లక్ష్యాన్ని రుజువు చేయాలి. ప్రమాదం తర్వాత అతణ్ణి మొదట చూసినవాడు యజమాని జీతగాడైన వైద్యుడు. కోర్టులో సాక్ష్యం చెప్పేదీ అతడే. వైద్యం చేసిన చెయ్యే రోగికి వ్యతిరేకంగా సంతకం చేయగల స్థితి అది.

1911లో రోజ్‌బెరీ చట్టం, 1913లో బాయింటన్ చట్టం ఈ న్యాయవ్యవస్థను మార్చివేశాయి. మొదటిది ఐచ్ఛికం. రెండోది 1914 ఆరంభం నుంచి అమల్లోకి వచ్చిన నిర్బంధ విధానం. తప్పెవరిదన్న విచారణ పోయింది. గాయం పనివల్ల కలిగితే చాలు, పరిహారమూ వైద్యమూ యజమాని బాధ్యత. దానికి బదులుగా కార్మికుడు యజమానిపై దావావేసే హక్కును వదులుకున్నాడు. 1918లో రాష్ట్ర రాజ్యాంగానికి చేసిన సవరణ ఈ ఒడంబడికకు పునాదిని పటిష్ఠం చేసింది. గాయపడినవారికి వైద్యం సమకూర్చడాన్ని కూడా అందులో స్పష్టంగా చేర్చారు.

తప్పొప్పుల తగవు పోయినా వైద్యుని తగవు పోలేదు. డబ్బు కట్టేది యజమాని కాబట్టి వైద్యుని ఎంచుకునేదీ అతడే అన్నది దాదాపు అరవై ఏళ్లపాటు కాలిఫోర్నియా నియమం. కార్మికునికి మిగిలిన వెసులుబాటు స్వల్పం. ఆ వైద్యుడు నచ్చకపోతే ఒకసారి మార్పు కోరవచ్చు. అప్పుడు యజమాని కనీసం ముగ్గురు వైద్యుల పేర్లు సూచించాలి, కార్మికుడు వారిలో ఒకరిని ఎంచుకోవాలి. తర్వాతి కాలంలో వచ్చిన పెద్ద జాబితాలకు బీజం ఈ ముగ్గురి పేర్లలోనే ఉంది. ఎంపిక కార్మికునిదే, ఎంచుకోవలసిన పేర్లు మాత్రం యజమానివి.

3. ఎడారిలో పన్నెండు పడకలు

నెట్‌వర్క్ వైద్యాన్ని 1970ల తర్వాతి ఆరోగ్యబీమా సంస్థలు కనిపెట్టాయని, అక్కడినుంచి అది కార్మిక పరిహారంలోకి ప్రవేశించిందని సాధారణంగా అనుకుంటారు. ఈ వరుస సరికాదు. ముందస్తు చెల్లింపుతో సాగే వ్యవస్థీకృత వైద్యానికి అమెరికాలో ఒక ముఖ్యమైన మూలం పనిగాయాలే.

1933లో కొలరాడో నది నీటిని లాస్ ఏంజెలెస్ ప్రాంతానికి తెచ్చే కాలువ నిర్మాణం మొహావీ ఎడారిలో సాగుతోంది. సిడ్నీ గార్‌ఫీల్డ్ అనే యువ శస్త్రచికిత్స నిపుణుడు డెజర్ట్ సెంటర్ అనే చిన్న ఊరి దగ్గర పన్నెండు పడకల ఆసుపత్రి తెరిచాడు. వేలమంది కూలీలున్నారు, గాయాలకు కొదవ లేదు. అయినా ఆసుపత్రి నిలదొక్కుకోలేకపోయింది. కారణం బీమాసంస్థల తీరు. అవి బిల్లులను ఆలస్యం చేసేవి, కోసేవి. పెద్ద గాయాలైతే ప్రథమచికిత్స కాగానే రోగిని నగరంలోని ఆసుపత్రులకు పంపించేవి. అంటే ఖర్చు గార్‌ఫీల్డ్‌ది, ఆదాయం నగరంవారిది.

హెరాల్డ్ హ్యాచ్ అనే బీమా ప్రతినిధి ఒక మార్గం చూపాడు. గాయం అయిన తర్వాత బిల్లు పంపడం కాదు, కూలీ ఒక్కింటికి రోజుకింత అని బీమాసంస్థే గార్‌ఫీల్డ్‌కు ముందుగా కట్టాలి, పనిగాయాలన్నీ ఆ మొత్తంలోనే అతడు చూడాలి. ఈ ఒప్పందం కుదిరాక పనికి సంబంధించని జబ్బులకు కూడా కూలీలే రోజుకు 5 సెంట్లు కట్టే పద్ధతి వచ్చింది. దీంతో వైద్యుని ఆర్థిక ప్రయోజనమే తలకిందులైంది. గాయాలు ఎక్కువైతే ఇప్పుడు అతనికి నష్టం. గార్‌ఫీల్డ్ పనిస్థలాల్లో తిరిగి పైకి పొడుచుకువచ్చిన మేకులను కొట్టించివేయడం గురించి చెప్పుకునే కథ ఈ మార్పునే సూచిస్తుంది. తర్వాత 1938లో గ్రాండ్ కూలీ ఆనకట్ట, 1942లో రిచ్‌మండ్ నౌకానిర్మాణ కేంద్రం. హెన్రీ కైజర్ సంస్థల వెంట నడిచిన ఈ వైద్యం 1945లో సామాన్య ప్రజలకు తలుపులు తెరిచి, నేటి కైజర్ పర్మనెంటే అయింది.

ఈ అనుభవాన్ని ఆదర్శంగా చూపేవారు ఒక అంశాన్ని విస్మరిస్తారు. మేకును కొట్టించే ప్రేరణ ఎంత బలమైనదో, మేకు గుచ్చుకున్నవాణ్ణి త్వరగా పనికి పంపే ప్రేరణ కూడా అంతే బలమైనది. రెండూ ఒకే లెక్కలోంచి పుడతాయి. ముందస్తు చెల్లింపు వైద్యుని మంచివానిగానో చెడ్డవానిగానో చేయదు. అతడు ఎవరి ఖర్చు తగ్గిస్తున్నాడో మాత్రం నిర్ణయిస్తుంది.

4. ముప్పై రోజుల స్వేచ్ఛ, దాని పరిమితి

1975లో కాలిఫోర్నియా శాసనసభ పాత నియమాన్ని తిరగరాసింది. గాయం సంగతి తెలియజేసిన 30 రోజుల తర్వాత కార్మికుడు తనకు నచ్చిన వైద్యుని దగ్గరకు వెళ్లవచ్చు, ఖర్చు యజమానిది. గాయానికి ముందే తన సొంత వైద్యుని పేరు రాసి ఇచ్చినవారికి ఈ ముప్పై రోజుల నిరీక్షణ కూడా లేదు. దాదాపు మూడు దశాబ్దాలు సాగిన ఈ కాలాన్ని కార్మికపక్షం స్వేచ్ఛాకాలమనీ, యజమానులు విశృంఖల ఖర్చుల కాలమనీ చెప్పుకుంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. నిజమైన వైద్యులతోపాటు న్యాయవాదులతో చేతులు కలిపి అంతులేని చికిత్సలు రాసే కేంద్రాలూ ఈ కాలంలో పుట్టాయి.

1993 సంస్కరణలు మూడు పరస్పర విరుద్ధమైన పనులు చేశాయి. ఒకవైపు ధ్రువీకృత ‘హెల్త్‌కేర్ ఆర్గనైజేషన్’లో చేరిన యజమానికి వైద్యంపై అదుపును 90 రోజుల నుంచి 365 రోజుల వరకు పొడిగించాయి. ఇంకోవైపు చికిత్స చేసే వైద్యుని అభిప్రాయం సరైనదేనన్న చట్టబద్ధ భావనను ప్రవేశపెట్టాయి. అంటే వైద్యుడు ఎవరి ఎంపిక అయితే వారికి రుజువు భారం సగం తీరినట్టే. మూడోది, నిర్మాణరంగంలో కార్మికసంఘమూ యజమానీ కలిసి ఒప్పందం చేసుకుంటే వారు అంగీకరించిన వైద్యుల జాబితానే ఏకైక ఆధారం కావచ్చునన్నాయి. ఈ మూడో మార్గంపై చర్చ తక్కువగా జరిగింది. జాబితా అనే పరికరం ఏకపక్షమే కానక్కరలేదని అది ఆనాడే చూపించింది.

అదే ఏడాది బీమా ప్రీమియంకు ఉన్న కనీసధర నిబంధనను కూడా ఎత్తివేశారు. 1995 నుంచి సంస్థలు ధరల పోటీలో పడ్డాయి. వచ్చే ప్రీమియం చెల్లించవలసిన పరిహారానికి చాలక అనేక సంస్థలు కుప్పకూలాయి. మిగిలినవి రేట్లు పెంచాయి. 1999, 2003 సంవత్సరాల మధ్య సగటు రేటు రెట్టింపు దాటింది. ప్రభుత్వ ఆధ్వర్యంలోని స్టేట్ ఫండ్ మార్కెట్‌లో సగానికి పైగా మోయవలసివచ్చింది. సంక్షోభంలో వైద్యఖర్చు పాత్ర నిజమే అయినా, ధరల పోటీ పాత్రను ఆనాటి రాజకీయ ప్రసంగాలు వెనక్కు నెట్టాయి. 2003 అక్టోబరులో గవర్నర్ గ్రే డేవిస్‌ను ఓటర్లు పదవి నుంచి దించివేశారు. కొత్త గవర్నర్ ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ కార్మిక పరిహార సంస్కరణను ముందువరుస అంశం చేసుకున్నాడు. 2004 ఏప్రిల్ 19న సెనేట్ బిల్లు 899పై సంతకం చేశాడు.

5. జాబితా ఎలా పనిచేస్తుంది?

కొత్త చట్టం ముప్పై రోజుల నియమాన్ని బాహాటంగా రద్దుచేయలేదు. నెట్‌వర్క్ ఏర్పాటు చేసుకున్న యజమానికి మాత్రం అది వర్తించదు. గాయపడిన కార్మికుణ్ణి యజమాని మొదటి పరీక్షకు పంపుతాడు. ఆ తర్వాత కార్మికుడు జాబితాలోంచి తనకు నచ్చినవారిని ఎంచుకోవచ్చు, మార్చుకోవచ్చు. రోగనిర్ధారణ నచ్చకపోతే అదే జాబితాలో రెండో అభిప్రాయం, మూడో అభిప్రాయం కోరవచ్చు. అప్పటికీ తృప్తి లేకపోతే స్వతంత్ర సమీక్ష. నిబంధనల ప్రకారం ప్రధాన వైద్యులు 30 నిమిషాల లేదా 15 మైళ్ల దూరంలో, నిపుణులు 60 నిమిషాల లేదా 30 మైళ్ల దూరంలో ఉండాలి. కనీసం ముగ్గురైనా ఉండాలి. పాత చట్టంలోని ముగ్గురే ఇక్కడ మళ్లీ కనిపిస్తారు.

ఇదంతా కార్మికునికి అనుకూలంగా కనిపిస్తుంది. అయితే లేబర్ కోడ్ 4616వ సెక్షన్‌లో మరొక వాక్యం ఉంది. నెట్‌వర్క్‌లో ఎవరు ఉండాలో నిర్ణయించే హక్కు యజమానికి లేదా బీమాసంస్థకు మాత్రమే ఉంటుందని దాని సారాంశం. విధానమంతటికీ ఇరుసు ఈ వాక్యమే. యజమాని ఒక రోగి విషయంలో వైద్యునికి ఏమీ చెప్పనక్కరలేదు. ఎక్కువ రోజులు సెలవు రాసే వైద్యుడు, శస్త్రచికిత్సలు ఎక్కువగా సూచించే వైద్యుడు మరుసటి జాబితాలో కనిపించకపోతే చాలు. మిగిలినవారికి సంగతి అర్థమవుతుంది.

శాసనకర్తలకు ఈ ప్రలోభం తెలియదనుకోవడం పొరపాటు. చికిత్సను తగ్గించడం, ఆలస్యం చేయడం, నిరాకరించడం లక్ష్యంగా వైద్యుని ప్రతిఫలాన్ని రూపొందించకూడదని అదే సెక్షన్ చెబుతుంది. వైద్యులను ఖర్చును బట్టి బేరీజు వేసే పద్ధతి ఉంటే దాన్ని ప్రభుత్వానికి, సంబంధిత వైద్యులకు తెలియజేయాలని తర్వాతి సెక్షన్ ఆదేశిస్తుంది. గమనించవలసినది, ఆ బేరీజును చట్టం నిషేధించలేదు. బయటపెట్టమని మాత్రమే కోరింది.

చికిత్స మధ్యలో ఉన్నవారిని జాబితాలోకి మార్చడం మరో సమస్య. పరిహార అప్పీళ్ల బోర్డు పూర్తి ధర్మాసనం 2007లో, 2005కు ముందు గాయపడినవారిని కూడా నెట్‌వర్క్‌లోకి మార్చవచ్చునని తేల్చింది. ఏళ్లతరబడి చూస్తున్న వైద్యుని వదలవలసివచ్చిన వృద్ధ కార్మికులకు ఈ తీర్పు ఏమిటో ఊహించవచ్చు. తీవ్రమైన స్వల్పకాలిక సమస్య, దీర్ఘకాలిక తీవ్రవ్యాధి, మరణాంతక వ్యాధి, త్వరలో జరగవలసిన శస్త్రచికిత్స వంటి సందర్భాల్లో మాత్రమే పాత వైద్యుడు కొంతకాలం కొనసాగుతాడు.

సంస్కరణలో కార్మికునికి దక్కిన ఒక మేలును కూడా చెప్పాలి. క్లెయిమ్ పత్రం అందిన ఒక పనిదినం లోపల చికిత్సకు అనుమతివ్వాలి. బాధ్యత తేలేదాకా 10,000 డాలర్ల వరకు యజమాని భరించాలి. అంతకుముందు విచారణ ముగిసేవరకు ఎదురుచూడవలసివచ్చిన వారికి ఇది చిన్న ఉపశమనం కాదు.

6. జాబితా ప్రభుత్వానిదైనప్పుడు

జాబితా ఎవరిదన్న ప్రశ్నకు భారతదేశం వేరే జవాబు వెదికింది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంలో యజమాని పాత్ర పరీక్షకే పరిమితం. గాయం నోటీసు అందిన మూడురోజుల్లో ఉచిత వైద్యపరీక్షకు పిలిస్తే కార్మికుడు వెళ్లితీరాలి. వెళ్లకపోతే పరిహార హక్కు నిలిచిపోతుంది. చికిత్స ఖర్చు తిరిగి చెల్లించే బాధ్యత ఆ చట్టంలోకి 2009 సవరణతో గాని రాలేదు. అంటే ఎనభై ఏళ్లకు పైగా యజమానికి గాయాన్ని పరీక్షించే హక్కు ఉంది, నయంచేయించే బాధ్యత లేదు.

బి.పి. అదార్కర్ 1944లో సమర్పించిన నివేదిక ఆధారంగా వచ్చిన 1948 ఈ.ఎస్.ఐ. చట్టం చికిత్సను యజమాని చేతుల్లోంచి తప్పించింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో మొదలైన ఈ పథకం 1955లో హైదరాబాదు చేరింది. ఇక్కడ డిస్పెన్సరీ వైద్యుడు ప్రభుత్వోద్యోగి. కార్మికుని సెలవు చీటీపై యజమానికి అధికారం లేదు. అయితే కార్మికుడు వైద్యుని ఎంచుకున్నాడనడానికీ లేదు. అతని ఇంటి చిరునామాయే డిస్పెన్సరీని ఎంచుకుంటుంది.

ఈ పథకం పరిధిలోకి రాని గనుల్లో పాత కంపెనీ వైద్యమే కొనసాగింది. సింగరేణిలో వైద్యమూ, పనికి అర్హతను తేల్చే మెడికల్ బోర్డూ సంస్థ పరిధిలోనివే. అయితే అక్కడ సాక్ష్యం దిశ విచిత్రంగా మారింది. కార్మికుడు అనర్హుడని బోర్డు తేల్చితే కుటుంబంలో ఒకరికి ఉద్యోగావకాశం ఉంటుంది. కాలిఫోర్నియా కార్మికుడు ‘ఇక పనికి వెళ్లవచ్చు’ అన్న మాటకు భయపడితే, కొత్తగూడెంలోనో, గోదావరిఖనిలోనో కుటుంబం ‘అన్‌ఫిట్’ అనే మాటకోసం ఎదురుచూస్తుంది. రెండుచోట్లా వైద్యుని మాట శరీరాన్ని దాటి కుటుంబ భవిష్యత్తును తాకుతుంది.

7. జాబితా బయటి వైద్యుడు

కాలిఫోర్నియాలో నెట్‌వర్క్ అమలు వివాదాలు రెండు ప్రశ్నల చుట్టూ తిరిగాయి. మొదటిది కాగితానికి సంబంధించినది. నెట్‌వర్క్ ఉందని, అందులో తన హక్కులు ఇవని కార్మికునికి యజమాని తెలియజేయాలి. 2006లో అప్పీళ్ల బోర్డు పూర్తి ధర్మాసనం, ఈ నోటీసులు ఇవ్వకపోవడంవల్ల కార్మికునికి చికిత్స అందకుండాపోతే దాన్ని యజమాని నిర్లక్ష్యంగానే భావించాలని, అప్పుడు జాబితా బయట చేయించుకున్న వైద్యానికీ యజమానే ఖర్చు భరించాలని నిర్ణయించింది. గోడమీది ప్రకటనకు, పోస్టులో వచ్చే ఉత్తరానికి ఇంత విలువ రావడం వెనుక తర్కం ఉంది. జాబితా ఉందని తెలియని కార్మికునికి అందులోని ఎంపిక ఎంపికే కాదు. 2012లో వచ్చిన సెనేట్ బిల్లు 863 ప్రతి నెట్‌వర్క్‌లోనూ 2014 నుంచి ఫోనులో సాయపడే సహాయకులుండాలని నిర్దేశించింది. జాబితాలో పేరుండీ అపాయింట్‌మెంట్ దొరకని పరిస్థితిని అది పరోక్షంగా అంగీకరించినట్టే.

అదే చట్టం చికిత్సను నిరాకరించినప్పుడు కోర్టుకు కాకుండా అజ్ఞాత వైద్య సమీక్షకుని దగ్గరకు పంపే పద్ధతిని తెచ్చింది. ఆ సమీక్షకుడు రోగిని చూడడు. అతని పేరు రోగికి తెలియదు. ఈ పద్ధతి రాజ్యాంగబద్ధమేనని 2015లో అప్పీలు కోర్టు పేర్కొంది. గాయపడినవానికీ నిర్ణయించేవానికీ మధ్య దూరం కంపెనీ వైద్యుని కాలంలో కూడా ఇంత లేదు.

రెండో ప్రశ్న సాక్ష్యానికి సంబంధించినది. కార్మికుడు నెట్‌వర్క్‌ను కాదని బయటి వైద్యుని దగ్గరకు వెళితే అతని నివేదికను విచారణలో స్వీకరించవచ్చునా? 2011లో అప్పీళ్ల బోర్డు కూడదన్నది. అప్పీలు కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. 2013 నవంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. నెట్‌వర్క్ చట్టంలోని నిషేధం స్వతంత్ర సమీక్షకు సంబంధించిన వివాదాలకే వర్తిస్తుందని, తాత్కాలిక పరిహారం వంటి అంశాల్లో బయటి వైద్యుని నివేదికను పూర్తిగా తోసిపుచ్చడానికి అది ఆధారం కాదని వివరించింది. చికిత్సకుడు, సాక్షి అనే రెండు పాత్రలను న్యాయస్థానం ఇక్కడ వేరుచేసింది. చికిత్సకు డబ్బు ఎవరివ్వాలన్నది ఒక ప్రశ్న, మాట వినాలా వద్దా అన్నది మరొక ప్రశ్న.

అయితే ఆ తీర్పు వచ్చేనాటికే శాసనసభ తన మాట తాను చెప్పివుంది. లేబర్ కోడ్ 4605వ సెక్షన్ కార్మికుడు సొంత ఖర్చుతో ఏ వైద్యునినైనా సంప్రదించవచ్చునని చాలాకాలంగా చెబుతోంది. సెనేట్ బిల్లు 863 దానికి ఒక వాక్యం జోడించింది. అలా సొంత డబ్బుతో తెచ్చుకున్న నివేదిక ఒక్కదానిపైనే ఆధారపడి పరిహారం ఇవ్వకూడదు. చికిత్స చేసే వైద్యుడు దాన్ని చదివి, తాను ఏకీభవిస్తున్నాడో లేదో తన నివేదికలో రాయాలి.